దివి ఎవరికి, బందరు ఎవరికి?

1754 డిసెంబరు చివర్లో పుదుచ్చేరిలో ఒక ఒప్పందం కుదిరింది. ఫ్రెంచి కంపెనీ తరపున గోడెహ్యూ, ఇంగ్లీషు కంపెనీ తరపున మద్రాసు గవర్నరు సాండర్స్ దాన్ని నడిపించారు. కర్ణాటక నవాబు గద్దె మీద ఎవరి మనిషిని కూర్చోబెట్టాలన్న పేరుతో ఏళ్ల తరబడి కొట్టుకున్న రెండు కంపెనీలూ, ఇకమీదట దేశీయ ప్రభువుల తగాదాల్లో తలదూర్చబోమనీ, మొగలాయీ బిరుదులూ పదవులూ వదులుకుంటామనీ అందులో రాసుకున్నాయి. ఆ కాగితంలో అన్నిటికంటే ఎక్కువగా కృష్ణా డెల్టాకు సంబంధించిన మాట ఒకటుంది. మచిలీపట్నం (బందరు), దివి ద్వీపం చెరొకరు తీసుకోవాలి, లేదా రెండింటినీ సమానంగా పంచుకోవాలి. ఏది ఎవరికన్నది మాత్రం అక్కడ తేల్చలేదు. మొత్తం ఒప్పందమే తాత్కాలికం. ఐరోపాలో ఉన్న యజమానులు సరేనంటేనే అమలు. ఈలోగా ఎవరి చేతిలో ఏది ఉంటే అది వారిదే. కత్తులు ఒరలో పెట్టి ఉంచడానికి 1755 జనవరి 11 నుంచి పద్దెనిమిది నెలల గడువు పెట్టుకున్నారు. ఆ ఆమోదం రాలేదు. నాలుగేళ్లు తిరిగేసరికి అదే బందరు కోట గోడల మీద ఆ రెండు జాతుల సైనికులూ, వారి పక్కన మన దేశపు సిపాయిలూ అర్ధరాత్రి కలబడ్డారు. మాటలు కరువై ఆ యుద్ధం రాలేదు. తేల్చవలసినదాన్ని తేల్చకుండా, తేల్చినట్టు కనబడే కాగితం రాసుకోవడం వల్ల వచ్చింది. వాయిదా వేసిన వాటా ఉన్నచోట ప్రతి స్నేహమూ తాత్కాలికమే అవుతుందనడానికి దిగువ కృష్ణ ఒడ్డున 1750కీ 1768కీ మధ్య జరిగినదానికంటే గట్టి సాక్ష్యం మన చరిత్రలో దొరకడం కష్టం.

ముందు ఈ రెండు చోట్ల విలువేమిటో చూడాలి. బందరు గోల్కొండ సుల్తానులకు పెద్ద రేవు. డచ్చివారు 17వ శతాబ్దం మొదట్లోనే వచ్చి ఇక్కడ కొట్లు పెట్టారు, ఇంగ్లీషువారు 1611లో దిగారు, ఫ్రెంచివారు 1669లో. వలందపాలెం, ఇంగ్లీషుపాలెం, పరాసుపేట అన్న పేర్లు ఊళ్లో నేటికీ ఉన్నాయి. 1750 నాటికి అద్దకం బట్టల వ్యాపారం మునుపటంత లేదు కానీ, రేవుకి మరో విలువ పుట్టింది. సముద్రం మీద నుంచి హైదరాబాదుకు ఫిరంగులూ సిపాయిలూ నడిపించడానికి దగ్గరి దారి ఇదే. దివి ఆ రేవుకి దక్షిణాన కృష్ణ రెండు పాయల మధ్య ఉన్న వరి నేల, ఉప్పు నేల. అక్కడ ఒకరు, ఇక్కడ ఒకరు ఉంటే ఒకరి ఓడలకు ఒకరు కావలి కాసినట్టే. 1750లో దక్కను సుబేదారు నాసిర్ జంగ్ బందరులోనూ యానాంలోనూ ఫ్రెంచివారి సరుకు, కొట్లు జప్తు చేయించాడు. పుదుచ్చేరి ఫ్రెంచి గవర్నరు డూప్లే బదులుగా ఓడల మీద మనుషుల్ని పంపి బందరును ఆక్రమించాడు. ఆ డిసెంబరులో నాసిర్ జంగ్ హత్యకు గురై, ఫ్రెంచివారి పక్షాన ఉన్న ముజఫర్ జంగ్ గద్దెక్కగానే, ఆక్రమణ కాస్తా దానమైంది. రెండు నెలలకే ముజఫర్ జంగ్ కూడా కడప సీమలో చనిపోతే, ఫ్రెంచి సేనాని బుస్సీ అక్కడికక్కడే సలాబత్ జంగ్‌ను సుబేదారుగా నిలబెట్టి వెంట హైదరాబాదుకూ ఔరంగాబాదుకూ నడిచాడు. 1753 చివర్లో ఆ సైన్యం జీతాల కోసమని సలాబత్ జంగ్ ముస్తఫానగరు, ఏలూరు, రాజమండ్రి, శ్రీకాకుళం సర్కార్లు ఫ్రెంచివారికి రాసిచ్చాడు. జీతం బాకీకి నాలుగు సర్కార్లు! అలా బందరు ఒక కంపెనీ కొట్టు నుంచి ఒక రాజ్యానికి ముఖద్వారమైంది. పుదుచ్చేరి ఒప్పందం దాన్ని చెరిసగం చేయమంటే, గుజరాతీ కొట్లో తూకం వేసి పంచే సరుకు కాదది. అవతలివాడికి సగం ఇస్తే హైదరాబాదు తలుపు సగం తెరిచి ఇచ్చినట్టే.

అందుకే ఎవరికీ తేల్చాలని లేదు. అదే ఏడాది మొదట్లో, 1754 జనవరిలో, సద్రాసులో ఇరుపక్షాల ప్రతినిధులూ కూర్చున్నారు. తమ మనిషి ముహమ్మద్ అలీని కర్ణాటక నవాబుగా ఒప్పుకుంటేనే మాటలన్నారు ఇంగ్లీషువారు. దక్కను సుబేదారు డూప్లేకే అధికారం ఇచ్చాడని ఫ్రెంచివారు సనదులు తీసి పరిచారు. అవి నకిలీవని అవతలివారు. మీ సనదులు చూపించండంటే అవి ఇక్కడ లేవని జవాబు. కొద్ది రోజుల్లోనే సభ చెదిరింది. మొగలు పాదుషా పేరుతో, సుబేదారు పేరుతో ఇరువురూ వాదించుకున్న ఆ గదిలో పాదుషా మనిషి లేడు, సుబేదారు మనిషి లేడు, పన్ను కట్టే జమీందారు మాట సరేసరి. ఆ ఏడాది ఆగస్టులో డూప్లేను వెనక్కి పిలిపించి గోడెహ్యూ రావడంతో గొంతులు మెత్తబడ్డాయి గానీ, ఆకారం మారలేదు. సలాబత్ జంగ్ తన రేవునీ తన దీవినీ ఇద్దరు వర్తకులు పంచుకుంటున్నారన్న సంగతిలో పాత్రధారి కాడు. నిర్ణయమేమో లండన్, పారిస్ చేతుల్లో. లేఖ వెళ్లి జవాబు రావడానికి ఏడాది పైమాటే. పద్దెనిమిది నెలల గడువు లెక్కేస్తే, ఒక ఉత్తరం వెళ్లి రావడానికి సరిపోయేంత, తేడా వస్తే రెండోసారి రాయడానికి చాలనంత. సర్కార్ల ఆదాయమంతా ఫ్రెంచివారి చేతిలోనే ఉంది. వారికి తొందరేమిటి? ఇంగ్లీషువారికి తొందర ఉంది, దాన్ని తీర్చుకునే దారి ఆ కాగితంలో లేదు. దారి ఒకటే మిగిలింది: ఫ్రెంచివారి మీద కోపం ఉన్న దేశీయ ప్రభువు ఎక్కడున్నాడో వెతుక్కోవడం.

అలాంటివారు కొరత పడలేదు. సర్కార్లు రాసిచ్చినప్పుడే రాజమండ్రి, శ్రీకాకుళం నవాబు జాఫర్ అలీఖాన్ ఎదురు తిరిగాడు. అతనూ విజయనగరం పూసపాటి విజయరామరాజూ చేతులు కలిపారు. బందరులో ఫ్రెంచి పెద్ద మొరాసిన్ విజయరామరాజుకు తక్కువ శిస్తుకు కౌలు చూపగానే ఆ జత విడిపోయింది. ఒంటరైన జాఫర్ అలీ నాగపూరు మరాఠాలను పిలిచాడు. వాళ్లొచ్చి దోచుకున్నారు, పోయారు. 1756 మేలో సలాబత్ జంగ్ దివాను షానవాజ్ ఖాన్ మాట మీద బుస్సీని కొలువు నుంచి వెళ్లిపొమ్మన్నాడు, ఇంగ్లీషు సైన్యం పంపమని మద్రాసుకు రాశాడు. మద్రాసు సిద్ధపడింది. అంతలో కలకత్తా బెంగాలు నవాబు సిరాజుద్దౌలా వశమైందన్న వార్త. పంపాలనుకున్న సైన్యం బెంగాలుకు తిరిగింది. బుస్సీ హైదరాబాదు చార్‌మహల్‌లో బిచాణా వేసి, బందరు నుంచి వచ్చిన సాయంతో నిలదొక్కుకుని, ఆగస్టులో మళ్లీ సలాబత్ జంగ్‌తో రాజీ పడ్డాడు. మూడు నెలల కింద తరిమేయాలనుకున్న మనిషి తిరిగి ఆప్తుడయ్యాడు. మరుసటి ఏడు, 1757 జనవరిలో, బొబ్బిలి. విజయరామరాజు పాత పగకు ఫ్రెంచి ఫిరంగులు తోడయ్యాయి. బొబ్బిలి కోట మిగల్లేదు. తాండ్ర పాపారాయుడి చేతిలో విజయరామరాజూ మిగల్లేదు. బొబ్బిలి కథ మనకు పౌరుషగాథగానే అలవాటు. కానీ శిస్తు కౌలుకు కొన్న మైత్రి ఎంతదాకా పోతుందో చూపేదిగా కూడా దాన్ని చదవవచ్చు. విజయరామరాజు వారసుడు ఆనందరాజుకు బుస్సీ పెట్టిన షరతులు నచ్చలేదు. ఆ అసంతృప్తి ఏడాదిన్నరలో బందరు దాకా వచ్చింది.

ఇక్కడ ఒక అభ్యంతరం రావాలి. ఇదంతా స్థానికమైన గొడవ, అసలు కారణం ఐరోపా కదా అని. 1756లో అక్కడి కూటములే తిరగబడ్డాయి. వందల ఏళ్ల శత్రువులైన ఫ్రాన్సు, ఆస్ట్రియా ఒకటయ్యాయి, బ్రిటన్ ప్రష్యా వైపు వెళ్లింది. మేలో యుద్ధం ప్రకటించారు. పుదుచ్చేరి ఒప్పందానికి పెట్టిన గడువు జూలైకి తీరేది, అంతకు ముందే ఐరోపా దాన్ని చించేసింది. గోడెహ్యూ, సాండర్స్ ఎంత తెగేసి రాసుకున్నా ఏం లాభం? ఇది బలమైన వాదమే. కానీ యుద్ధం ప్రకటించిన ప్రతిచోటా యుద్ధం జరగాలని లేదు. అంతకు ముందటి యుద్ధంలో, 1740లలో, బెంగాల్లో రెండు కంపెనీలూ కొట్టుకోలేదు. 1757లోనూ చందర్‌నగర్ ఫ్రెంచివారు తటస్థంగా ఉందామని ఇంగ్లీషు సేనాని క్లైవుతో మాట్లాడారు, షరతులు దాదాపు కుదిరాయి. ఎక్కడ తెగిందంటే, చందర్‌నగర్ వారికి సొంతంగా సంతకం పెట్టే అధికారం లేదు, పుదుచ్చేరి ఒప్పుకోవాలి, పుదుచ్చేరి కట్టుబడుతుందన్న పూచీ లేదు. ఇంగ్లీషు అడ్మిరల్ వాట్సన్ ఆ మాటే పట్టుకున్నాడు. మార్చి 23న చందర్‌నగర్ పడిపోయింది. బందరు, దివి విషయంలో జరిగిందీ అదే. మాట్లాడేవాడికి తేల్చే హక్కు లేదు, తేల్చే హక్కున్నవాడు సముద్రాల అవతల ఉన్నాడు. ఐరోపా యుద్ధం నిప్పు తెచ్చిందనుకుందాం. అంటుకోవడానికి ఇక్కడ ఎండుగడ్డి పోగేసి ఉంచింది ఆ తేలని వాటా. వాటా తేలి ఉంటే, ఇంగ్లీషువారి చేతిలో దివి గానీ బందరు గానీ ఉండి ఉంటే, ఆనందరాజు చెయ్యి చాచినప్పుడు పోగొట్టుకునేది వారికీ కొంత ఉండేది. ఏమీ లేనివాడికి సాహసం చౌక.

1758 ఏప్రిల్లో కొత్త ఫ్రెంచి సేనాని లాలీ పుదుచ్చేరిలో దిగాడు. మద్రాసు పట్టుకోవాలన్న ఆత్రంలో బుస్సీని హైదరాబాదు నుంచీ, మొరాసిన్‌ను బందరు నుంచీ రమ్మన్నాడు. ఏడేళ్లుగా సలాబత్ జంగ్ దర్బారులో ఎవరు ఏమనుకుంటున్నారో ఎరిగిన మనిషిని తీసేసి, బందరును కాన్‌ఫ్లాన్స్ అనే అధికారికి వదిలాడు. ఫ్రెంచివారు తమ రాయబారాన్ని తామే రద్దు చేసుకున్నారు, నా దృష్టిలో ఈ మొత్తం కథలో అతి పెద్ద తప్పు ఇది. సెప్టెంబరులో ఆనందరాజు విశాఖపట్నం మీద పడి ఫ్రెంచి అధికారిని పట్టుకుని, ఇంగ్లీషు జెండా ఎగరేసి, ముందు మద్రాసుకు, తర్వాత కలకత్తాకు కబురు పెట్టాడు. మద్రాసు తన ప్రాణం కాపాడుకునే పనిలో ఉంది. కలకత్తాలో కౌన్సిలు వద్దన్నా క్లైవు, కల్నల్ ఫోర్డ్ కింద అయిదువందల మంది తెల్లవారినీ రెండువేల మంది సిపాయిలనూ పంపాడు. ఆనందరాజు నెలకు యాభైవేల రూపాయలు సైన్యానికీ, ఆరువేలు అధికారుల భత్యానికీ ఇస్తానన్నాడు, అదీ రాజమండ్రి చేతికొచ్చాక. డిసెంబరులో పిఠాపురం దగ్గర చందుర్తి యుద్ధంలో కాన్‌ఫ్లాన్స్ ఓడాడు. రాజమండ్రి వచ్చింది, డబ్బు రాలేదు. జనవరంతా ఇద్దరు మిత్రులూ లెక్కల మీద కూర్చున్నారు. చివరికి ఇచ్చినదంతా అప్పు కింద రాసుకుని, గోదావరికి దక్షిణాన గెలిచే సీమల ఆదాయం చెరిసగమని కొత్తగా ఒప్పందం చేసుకున్నారు. మళ్లీ అదే, చేతికి రాని నేలలో వాటా.

మార్చి 6న ఫోర్డ్ బందరు ముందు దిగాడు. ఏలూరు నుంచి బందరు దాకా కొల్లేటి పల్లం, గుడివాడ పల్లం. వానాకాలమైతే ఆ నల్లరేగడిలో ఫిరంగి బండి ఇరుసు దాకా దిగిపోయేది. కోట ఊళ్లో లేదు, ఊరికి రెండు మైళ్ల దూరాన సముద్రం వైపు, బురద, ఉప్పుటేరు చుట్టుకుని ఉంది. లోపల కాన్‌ఫ్లాన్స్ దగ్గర అయిదువందల మంది తెల్లవాళ్లు, రెండువేల పైచిలుకు సిపాయిలు. బయట ముట్టడి వేసినవాళ్లు అంతకంటే తక్కువ. జీతాలు, దోపిడీ వాటాలు లేవని ఫోర్డ్ మనుషులే తుపాకులతో తిరగబడ్డారు, కోట పడితే సొమ్ము ఇప్పిస్తానని వాళ్లను ఆపాడు. ఇంతలో సలాబత్ జంగ్ పెద్ద సైన్యంతో బెజవాడ చేరాడు. ఇంగ్లీషువారిని వదిలి రమ్మని ఆనందరాజుకు తాఖీదు పంపాడు. ఆనందరాజు ఒక రాత్రి చప్పుడు కాకుండా మనుషుల్ని తీసుకుని ఇంటి దారి పట్టాడు. ఫోర్డ్ వెనక కబురు పంపాడు: అటు సలాబత్ జంగ్ గుర్రాలు, ఇటు రాజమండ్రిని మళ్లీ పట్టిన ఫ్రెంచి దండు, మధ్యలో నువ్వు ఇల్లు చేరవు, నిలిస్తే నా పక్కనే నిలు. ఆనందరాజు వెనక్కి వచ్చాడు. స్నేహం మీద నమ్మకంతో కాదు, పోయే దారి లేక. ఏప్రిల్ 7న ఫిరంగి మందు రెండు రోజులకే సరిపోతుందని ఫోర్డ్‌కు చెప్పారు. ఆ అర్ధరాత్రి పోటు తగ్గి కందకంలో నీరు దిగిన సమయం చూసుకుని దాడికి దిగారు. కెప్టెన్ నాక్స్ సిపాయిలతో నైరుతి వైపు, ఎవరూ నడవలేరనుకున్న బురదలో దిగి కోటలో వాళ్ల దృష్టి అటు మళ్లించాడు. ఆనందరాజు మనుషులు రాదారి వైపు హడావిడి చేశారు. అసలు దెబ్బ ఈశాన్యపు బురుజు మీద పడింది. తెల్లారేసరికి కాన్‌ఫ్లాన్స్ లొంగిపోయాడు. పట్టుబడినవాళ్లు పట్టినవాళ్ల కంటే ఎక్కువ, ఫిరంగులు నూటఇరవై. వారం తర్వాత మొరాసిన్ రెండు ఓడల్లో మూడువందల మందితో రేవు ముందుకొచ్చి, కోట మీద ఎవరి జెండా ఉందో చూసి గంజాం వైపు తరలిపోయాడు.

సలాబత్ జంగ్ బెజవాడ నుంచి బందరు వైపు వచ్చినవాడే, ఇప్పుడేం చేయాలి? ఫ్రెంచివారు లేరు. వెనక హైదరాబాదు మీదకు తమ్ముడు నిజాం అలీ నడుస్తున్నాడు. మే 14న ఇంగ్లీషువారితో సంధి చేసుకున్నాడు. మచిలీపట్నం సర్కారు ఎనిమిది పరగణాలతో, నిజాంపట్నం సర్కారు, కొండవీడు, ఆకులమన్నాడు జిల్లాలు వారికి ఇనాముగా రాసిచ్చాడు. ఫ్రెంచి సైన్యం పదిహేను రోజుల్లో కృష్ణ దాటి పోవాలి, ఇకమీదట వారికి తన రాజ్యంలో చోటివ్వకూడదు. నాలుగేళ్ల కింద ఫ్రెంచివారూ ఇంగ్లీషువారూ పంచుకోవలసిన దివీ బందరూ ఇంగ్లీషువారికే పోయాయి. యుద్ధాన్ని మొదలుపెట్టిన ఆనందరాజుకు ఆ సంధిలో ఏం దక్కిందో గమనించండి. ఈ ఏడాది వసూలు చేసుకున్నదానికి లెక్క అడగరు. ఆపైన తాతతండ్రులు కట్టినట్టే శిస్తు కట్టాలి. అంతే. గోదావరికి దక్షిణాన చెరిసగం అన్న మాట ఎవరూ ఎత్తలేదు.

దీనికి మనవాళ్లలో వినబడే ఇంకో మాట ఉంది: ఆనందరాజు ద్రోహి, సలాబత్ జంగ్ పిరికి, మన రాజుల చంచలత్వమే పరాయివాణ్ణి తెచ్చిందని. బడిలో చరిత్ర ఇలాగే చెబుతారు. కానీ చంచలత్వం మనవాళ్ల సొత్తు అనుకోవడం లెక్క తప్పు. దేశీయ ప్రభువుల గొడవల్లో తలదూర్చబోమని రాసిచ్చిన రెండేళ్లకే ఇంగ్లీషు కంపెనీ సలాబత్ జంగ్‌కు సైన్యం పంపడానికి సిద్ధమైంది. ఫ్రెంచి కంపెనీ విజయరామరాజును నిన్న శత్రువుగా, నేడు మిత్రుడిగా చూసింది. ఇంగ్లండు, ఆస్ట్రియా, ప్రష్యా, ఫ్రాన్సు ఒకే ఏడాదిలో జతలు మార్చుకుంటే దాన్ని దౌత్య విప్లవమని పుస్తకాల్లో రాస్తారు, ఆనందరాజు చేస్తే కుట్ర! ఎవరి హక్కు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో ఎవరూ రాసివ్వని చోట పక్షం మార్చుకోవడం బతుకుతెరువు. సలాబత్ జంగ్ పిరికితనం గురించి ఒక మాట ఒప్పుకోవాలి, ఆయన సైన్యం ముట్టడికి ముందే బందరు చేరి ఉంటే కథ వేరుగా ఉండేది. అయితే ఆయన నడిచివచ్చినంత దూరమూ వెనక తమ్ముడు గద్దె మీద కన్నేసి ఉన్నాడు. గద్దె ఇచ్చినవాళ్లు ఫ్రెంచివాళ్లు. వాళ్లు పోతే దాన్ని ఎవరు కాపాడతారన్నదే ఆయన లెక్క, బందరు కాదు.

1763 ఫిబ్రవరి 10న పారిస్ సంధిలో బ్రిటన్, ఫ్రాన్సు కలిసి సలాబత్ జంగ్‌ను దక్కను సుబేదారుగా గుర్తించాయి. అప్పటికి ఏడు నెలల ముందే నిజాం అలీ ఆయన్ను గద్దె దించి బీదరులో బంధించాడు. అక్కడే ఆ సెప్టెంబరులో ఆయన చచ్చిపోయాడు. దూరపు బల్లల దగ్గర రాసే సంధి నేల మీద ఏముందో ఎంత చూస్తుందో దీనికి మించి చెప్పనక్కర్లేదు. ఫ్రెంచివారికి బందరులో దక్కింది ఒక చిన్న కొట్టు స్థలం. 1947 అక్టోబరు దాకా అది వారి పేరునే ఉండి, సూరతు, కాలికట్ స్థలాలతోపాటు భారతదేశానికి వచ్చింది. 1765లో క్లైవు పాదుషా దగ్గర సర్కార్లకు ఫర్మానా పుట్టించాడు. నిజాం అలీ ఒప్పుకోలేదు. 1766 నవంబరులో ఏడాదికి తొమ్మిది లక్షల పేష్కషు, అవసరమైతే మైసూరు ప్రభువు హైదర్ అలీ మీదకు సైన్యసాయం అన్న షరతుల మీద రాజీ పడ్డాడు. ఏడాది తిరగకుండా ఆ నిజాం అలీయే హైదర్ అలీతో కలిసి ఇంగ్లీషువారి మీదకు నడిచాడు, ఓడి, 1768 ఫిబ్రవరిలో మళ్లీ సంధికి వచ్చాడు. దానికి మచిలీపట్నం సంధి అని పేరు. పేష్కషు తగ్గింది, కానీ రద్దు కాలేదు. బందరు, ఏలూరు, రాజమండ్రి ఏలుతున్న కంపెనీ, ఆ నేలకు తాను కౌలుదారే అన్నట్టుగా మరో యాభై అయిదేళ్లు హైదరాబాదుకు డబ్బు కడుతూ వచ్చింది. 1823లో నిజాం ప్రభుత్వం విలియం పామర్ అనే వడ్డీ వ్యాపారి సంస్థకు పడ్డ బాకీలు తీర్చడానికి సొమ్ము కావలసి, ఆ పేష్కషు హక్కును కోటి పదహారు లక్షల పైచిలుకు రూపాయలకు ఒక్కసారిగా ఇంగ్లీషు కంపెనీకి వదిలేసుకుంది. 1754లో తాత్కాలికమని వదిలిన లెక్క, హైదరాబాదులో ఒక వడ్డీ వ్యాపారి పద్దులో జమై, అప్పటికి మూతపడింది.